పొద నరికితే హాని కాదట!

కుందేలును తుపాకితో కాల్చడం నేరమట. అది తినే పొదను, దాక్కునే పొదను, పిల్లలను పెట్టే బొరియకు నీడపట్టే పొదను వేళ్లతో సహా పెళ్లగించి పారేయడం మాత్రం నేరం కాదట. అమెరికా మత్స్య, వన్యప్రాణి సంస్థ, ఆ దేశపు సముద్ర మత్స్య సంస్థతో కలిసి 2025 ఏప్రిల్ 17న ప్రచురించిన ప్రతిపాదనలోని న్యాయపరిభాషను పక్కనపెట్టి చదివితే మిగిలే అర్థం ఇదే. అంతరించిపోతున్న ప్రాణుల రక్షణ చట్టంలో 'హాని' అన్న మాటకు దశాబ్దాలుగా ఉన్న నిర్వచనాన్ని రద్దు చేస్తామని ఆ సంస్థలు చెప్పాయి. దాని స్థానంలో మరో నిర్వచనం రాస్తామని కూడా అనలేదు. ఉన్నదాన్ని తీసేస్తే చాలునట. ప్రాణులను కాపాడటానికి పుట్టిన సంస్థే ఈ పనికి పూనుకోవడం కంచే చేను మేసిన చందంగా ఉంది.

1973లో అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన ఆ చట్టం గురించి పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ముప్పు జాబితాలో ఉన్న ప్రాణిని వేధించడం, హాని చేయడం, వెంటాడటం, వేటాడటం, కాల్చడం, గాయపరచడం, చంపడం, ఉచ్చులో పట్టడం, బంధించడం, సేకరించడం అనే పది పనులను అది నిషేధించింది. వీటిలో 'హాని' అంటే ఏమిటో 1975లో నిబంధనగా రాశారు, 1981లో మరింత బిగించారు. ప్రాణి సంతానాన్ని, తిండిని, ఆశ్రయాన్ని దెబ్బతీసి దాన్ని నిజంగా చంపేంతగా, గాయపరిచేంతగా ఆవాసాన్ని ధ్వంసం చేస్తే అదీ హానే అన్నది ఆ నిబంధన సారం. ప్రతి పొదనూ దేవతావృక్షంగా చేసిన నిబంధన కాదది. ప్రాణి చనిపోయిందనో, గాయపడిందనో నిరూపణ అయితేనే వర్తిస్తుంది. కలప వ్యాపారంపై ఆధారపడినవారు దీనిపై కోర్టుకెక్కితే, 1995లో సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో నిబంధనను సమర్థించింది. ఆవాసాన్ని నరికే హక్కు కోసం పోరాడిన ఆ సంఘం పేరులో 'స్వీట్ హోమ్' ఉండటం విధి వెక్కిరింత.

ఈ ప్రతిపాదన ఎంత డొల్లదో తెలియాలంటే పిగ్మీ కుందేలును చూడాలి. పూర్తిగా ఎదిగినా అరకిలోకు అటూఇటూగా తూగే ఆ ప్రాణి రెండు అరచేతుల్లో ఒదిగిపోతుంది. ప్రపంచంలోని కుందేలు జాతులన్నింటిలోకీ చిన్నది అదే. బూడిదరంగు ఒళ్లు, పొట్టి గుండ్రని చెవులు. పరుగెత్తేటప్పుడు చాలా కుందేళ్లకు తోక కింద తళుక్కుమనే తెలుపు దీనికి లేదు. ఇడాహో, నెవాడా, ఆరెగన్, యూటా, వయోమింగ్ తదితర పశ్చిమ రాష్ట్రాల మెట్టభూముల్లో, సేజ్‌బ్రష్ అనే వెండిరంగు ఆకుల పొదలు ఎత్తుగా, దట్టంగా పెరిగినచోట, అదీ అడుగున నేల లోతుగా, గుల్లగా ఉన్నచోట మాత్రమే ఇది బతుకుతుంది. బొరియను తానే తవ్వుకుంటుంది. ఆ ఖండపు కుందేళ్లలో ఆ అలవాటు బహు అరుదు. చలికాలంలో దాని తిండిలో 99 శాతం దాకా సేజ్‌బ్రష్ ఆకే. ఘాటైన నూనెల వల్ల ఎన్నో జంతువులు కడుపునిండా తినలేని ఆ ఆకును అరిగించుకునే శక్తి దీనికుంది. మంచు కమ్మేస్తే ఆ మంచులోనే సొరంగాలు చేసుకుని ఒక పొద మొదలు నుంచి మరో పొద మొదలుకు పాకుతుంది. గాదె, గోడ, గొడుగు అన్నీ ఆ పొదే. బట్టబయలు దాటాల్సి వస్తే పైనుంచి గద్ద, పక్కనుంచి కొయోటీ కాచుకుని ఉంటాయి.

ఆ పొద మనకు పూర్తిగా పరాయిదేమీ కాదు. వినాయక చవితినాడు పత్రిపూజలో 'సుముఖాయ నమః' అంటూ అన్నిటికంటే ముందు సమర్పించే మాచిపత్రి, పూలదండల్లో కలిపి కట్టే దవనం, ఈ సేజ్‌బ్రష్ ఒకే ప్రజాతి మొక్కలు. ఆకును వేళ్లమధ్య నలిపితే వచ్చే వాసనే ఆ చుట్టరికాన్ని చెబుతుంది.

ఇప్పుడు చట్టంలోని ఆ పది పనులను మరోసారి చదవండి. ఈ కుందేలు కనుమరుగవుతున్నది ఎవరో వెంటాడటం వల్ల కాదు, ఉచ్చు పన్నడం వల్ల కాదు, పట్టి బంధించడం వల్ల అసలే కాదు. పొద పోవడం వల్ల పోతోంది. పదింటిలో దాని అసలు కష్టాన్ని పట్టుకోగలిగిన మాట 'హాని' ఒక్కటే. ఆ మాటలోంచి ఆవాసాన్ని తీసేస్తే మిగిలిన తొమ్మిదీ ఉన్నా లేకున్నా కుందేలుకు ఒకటే. పొమ్మనలేక పొగబెట్టడం మన ఇళ్లలో పాత ముచ్చటే. దాన్ని ఒక ప్రభుత్వం నిబంధనావళికి ఎక్కించడం మాత్రం కొత్త.

వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగింది చూస్తే అనుమానాలు తీరిపోతాయి. సియాటెల్‌లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లు కొండలు దాటి తూర్పుకు మూడు గంటలు కారు నడిపితే వచ్చే కొలంబియా బేసిన్‌లో ఈ కుందేళ్ల శాఖ ఒకటి వేల ఏళ్లుగా మిగతావాటికి దూరంగా, విడిగా బతికింది. సేజ్‌బ్రష్ నేలలు గోధుమ చేలయ్యాయి, కాలువల కింద సాగులోకి వచ్చాయి, మిగిలినవి ముక్కలయ్యాయి. 2001లో ఆ శాఖను అత్యవసరంగా ముప్పు జాబితాలో చేర్చే నాటికి మిగిలినవి యాభై కూడా లేవని అంచనా. 16 కుందేళ్లను పట్టి విశ్వవిద్యాలయంలో, జంతుప్రదర్శనశాలలో పెంచవలసి వచ్చింది. 2004 నాటికి బయట ఒక్కటీ మిగల్లేదు. దగ్గరి రక్తసంబంధాల వల్ల పిల్లలు సరిగా పుట్టక, ఇడాహో కుందేళ్లతో సంకరం చేయించారు. ఆ శాఖకు చెందిన ఆఖరి అసలు కుందేలు 2008లో కన్నుమూసింది. 2007లో తిరిగి నేలపై వదిలిన 20 కుందేళ్లలో చాలావాటిని వేటజంతువులు తినేశాయి. 2011 నుంచి కంచెల మధ్య పెంచుతూ మళ్లీ మొదలుపెడితే, 2017 వేసవి కార్చిచ్చు బీజ్లీ హిల్స్‌లోని ఆవరణను బూడిద చేసింది; ముప్పై పైచిలుకు కుందేళ్లను మాత్రమే సిబ్బంది బతికించగలిగారు. 2020 సెప్టెంబరులో పెర్ల్ హిల్ మంటలు రెండు లక్షల ఎకరాలకు పైగా తగలబెట్టి మరో ఆవరణను మింగాయి. ఇరవై ఏళ్ల శ్రమ, కోట్ల ఖర్చు, ఎందరో శాస్త్రజ్ఞుల జీవితకాలపు పని పోసినా ఆ శాఖ నేటికీ తన కాళ్లపై నిలబడలేదు. ఈ మొత్తం చరిత్రలో తుపాకి ఎక్కడుంది? ఉచ్చు ఎక్కడుంది? పొద పోయింది, కుందేలు పోయింది. దీన్ని హాని అనకపోతే మరేమంటారో ప్రతిపాదన రాసినవారే చెప్పాలి.

ఒకసారి పోయిన పొద తిరిగి రావడం తేలిక కాదు. సేజ్‌బ్రష్ కాలిపోతే మోడు నుంచి చిగురించదు. విత్తనం నుంచే మొలవాలి, ఆ విత్తనమూ నేలలో ఎక్కువకాలం నిలవదు. కుందేలు దాక్కునేంత ఎత్తుకు పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. ఈలోగా ఆ జాగాలో యూరేషియా నుంచి వచ్చిన చీట్‌గ్రాస్ పరుచుకుంటుంది. పేరులోనే మోసం ఉన్న ఈ గడ్డి వేసవి ముదరకముందే ఎండిపోయి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది. మంట తర్వాత మళ్లీ ముందుగా మొలిచేదీ అదే. వీటికి తోడు పశువుల మేత కోసం సేజ్‌బ్రష్‌ను గొలుసులు కట్టి ఈడ్చి, మందులు చల్లి తొలగించిన కాలం కూడా ఒకటుంది. వయోమింగ్ గ్యాస్ క్షేత్రాల్లో బావులు, రోడ్లు, పైపులైన్లు పెరిగినకొద్దీ ఈ కుందేళ్లు కనిపించడం తగ్గిందని అధ్యయనాలు తేల్చాయి. 2020లో నైరుతి రాష్ట్రాల్లో మొదలైన కుందేళ్ల రక్తస్రావ వైరస్ నెవాడాలో వీటికీ సోకింది. 2001-2020 మధ్య సగటున ఏటా 13 లక్షల ఎకరాల సేజ్‌బ్రష్ నేల సత్తువ కోల్పోయిందని 2022లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ నాయకత్వాన వచ్చిన నివేదిక లెక్కగట్టింది. అంటే ఏడాదికి మన రంగారెడ్డి జిల్లాను మించిన విస్తీర్ణం. వాతావరణాన్ని, వైరస్‌ను చట్టం ఆపలేదు. మనుషులు యంత్రాలతో చేసే ధ్వంసాన్ని మాత్రమే అది ఆపగలదు. సరిగ్గా దాన్నే వదిలేస్తామంటున్నారు.

పశుపోషకులకు, గనుల సంస్థలకు, ఇళ్లు కట్టేవారికి ఈ నిర్వచనం ఇబ్బంది కలిగించిందనడంలో నిజం లేకపోలేదు. చట్టంలోని మాటను అధికారులు సాగదీయరాదన్న వాదనకు 1995 తీర్పులో జస్టిస్ స్కాలియా అసమ్మతి అండగా ఉంది, సంస్థల వ్యాఖ్యానాలకు కోర్టులు తలొగ్గనక్కరలేదన్న 2024 సుప్రీంకోర్టు తీర్పు దానికి బలమిచ్చింది. అయితే ఆ ఇబ్బందికి విరుగుడు చట్టంలోనే ఉంది. వేరే పని చేసుకుంటుంటే అనుకోకుండా జరిగే హానికి షరతులతో అనుమతులిచ్చే ఏర్పాటును అమెరికా కాంగ్రెస్ 1982లోనే చేసింది. హాని అంటే నేరుగా కొట్టి చంపడమే అయితే, అనుకోని హానికి అనుమతి పత్రం ఎందుకు పుట్టినట్లు? కొలంబియా బేసిన్ రైతులతోనైతే, తమ భూమిలో కుందేలును ఉండనిచ్చినందుకు కొత్త బరువు పడదని ముందే ఒప్పందాలు రాసుకున్నారు. సర్దుబాటుకు దారులుండగా మాటనే చెరిపేయడం సర్దుబాటు అనిపించుకోదు.

నిజానికి ఈ కపటం ఒక్క ప్రభుత్వానిది కాదు, ఒక్క పార్టీది అంతకన్నా కాదు. కొలంబియా బేసిన్ శాఖను మినహాయిస్తే మిగతా పిగ్మీ కుందేళ్లకు కేంద్ర రక్షణ ఇవ్వాలన్న 2003 నాటి విజ్ఞప్తి కోర్టుల చుట్టూ తిరిగి, 2010లో 'అవసరం లేదు' అన్న జవాబుతో ముగిసింది. 2023లో పర్యావరణ సంఘాలు మళ్లీ అడిగితే, 2024 ఆరంభంలో 'పరిశీలించదగిన ఆధారాలున్నాయి' అన్నారు. ఇదే పొదల్లో బతికే సేజ్‌గ్రౌస్ పక్షినైతే జాబితాలో చేర్చడానికి పైసా ఖర్చు చేయరాదని 2014 నుంచి బడ్జెట్ బిల్లుల్లో షరతు తగిలిస్తూ వచ్చారు. రేపు పిగ్మీ కుందేలును జాబితాలో చేర్చారే అనుకుందాం. చేర్చిన మర్నాడు దాని పొదలన్నీ చదును చేసినా 'హాని' జరగలేదని చెప్పే వీలు ఈ ప్రతిపాదన కల్పిస్తుంది. అలాంటి జాబితాలో పేరుండటం, ఇల్లు కూల్చిన తర్వాత ఇంటిపట్టా చేతికివ్వడం లాంటిది.

ఎక్కడో అమెరికాలోని కుందేలు గొడవ మనకెందుకని అనుకునేవారు మన రికార్డులు తిరగేయాలి. ప్రాణి వేరు, దాని చోటు వేరు అన్న తర్కం ఒకసారి అగ్రరాజ్యపు నిబంధనల్లో చోటు సంపాదిస్తే, దాన్ని అరువు తెచ్చుకోవడానికి మన దగ్గర ఎందరో సిద్ధంగా ఉన్నారు. హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం తోడ్పాటుతో తయారయ్యే దేశపు బంజరు భూముల అట్లాస్‌లో పొదల నేలలది ఒక వర్గం. అంటే పొద ఉన్న నేల కాగితం మీద వ్యర్థభూమి. కడప జిల్లాలో అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనిపించింది సరిగ్గా అలాంటి ముళ్లపొదల నేలలోనే. దాని పేరులోని కలివి కూడా ఒక పొదే. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం గీత లోపల ఆవాస ధ్వంసాన్ని మన 1972 వన్యప్రాణి రక్షణ చట్టం నిషేధిస్తుంది. గీత దాటితే 'వేట' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో పక్షి గూడు, గుడ్ల ప్రస్తావన ఉంది గాని పొద ఊసు లేదు. అమెరికాలో ఈ ప్రతిపాదన వచ్చిన 2025 ఏప్రిల్‌లోనే, కంచ గచ్చిబౌలిలో యంత్రాలు చెట్లు కూల్చుతుంటే సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది. అది రికార్డుల్లో అడవి కాదన్నదే అప్పుడు మన పాలకుల సమాధానం. జింక అక్కడ ఉందా లేదా అన్నది కాదు, కాగితంలో ఏముందన్నదే ప్రశ్న. రెండు దేశాల అధికారులూ ఒకే బడిలో చదివినట్లున్నారు.

అమెరికా మత్స్య, వన్యప్రాణి సంస్థ పెద్దలు ఈ ప్రతిపాదనపై ఆఖరి సంతకం పెట్టేముందు తమతో కలిసి పనిచేసినవారినే ఒక మాట అడగాలి. 2017లో పొగలు కక్కుతున్న బీజ్లీ హిల్స్ నేలలో బూడిదను కదిలించి, బతికి ఉన్న కుందేళ్లను ఒక్కొక్కటిగా వెతికి పట్టుకున్నవారు రాష్ట్ర ఉద్యోగులూ, తమ కార్యక్రమంలో భాగస్వాములూనే. వాటిని అక్కడే వదిలేయకుండా ఎందుకు ఎత్తుకొచ్చారని అడిగితే, పొద లేని చోట కుందేలు బతకదని వాళ్లు చెబుతారు. ఆ మాత్రం సంగతి వాషింగ్టన్ నగరంలోని కార్యాలయాలకు తెలియదని ఈ పత్రిక నమ్మదు. తెలిసీ రాశారు కనుకనే, రద్దు పేరిట చేస్తున్న ఈ పని తెలివితక్కువతనం కాదు, దొంగతనం.