హంతకుడెవరో సగంలోనే తెలిసిపోయిందట... అయితే ఏంటి?

చిన్న టౌన్‌లో జరిగే పోలీసు డిటెక్టివ్ నవల ఒకటి చదివి పక్కన పెట్టినవాళ్లను ఎవరిని కదిపినా దాదాపు అవే మాటలు. "చాలా స్లో", "హంతకుడెవరో సగంలోనే కనిపెట్టేశా", "అంత చిన్న ఊళ్లో ఇన్ని హత్యలేంటి అసలు", "ఊరు మాత్రం కళ్లకు కట్టాడు". ఈ నాలుగూ ఒకే మనిషి ఒకే గుక్కలో అనేసి, ఆఖర్న గొంతు తగ్గించి "దీని తర్వాతి భాగం ఉందా నీ దగ్గర?" అని అడుగుతాడు. స్లోగా ఉంది, ముందే తెలిసిపోయింది, నమ్మబుద్ధి కాలేదు అన్నవాడికి తర్వాతి భాగం దేనికి?

నాకు అనిపించేది ఏంటంటే, పాఠకులు చెప్పే లక్షణాలు చాలావరకు నిజమే, రోగం పేరు దగ్గరే పొరపడుతుంటారు.

ముందు ఆ 'స్లో' సంగతి చూద్దాం. స్వీడన్‌లో మాయ్ షోవాల్, పేర్ వాలూ అనే జంట 1965లో 'రోజానా' అని ఒక నవల రాశారు. పది పుస్తకాల సిరీస్‌లో అది మొదటిది. మోటాలా అనే చిన్న పట్టణం దగ్గర కాలువలో పూడిక తీస్తుంటే ఒక యువతి శవం బయటపడుతుంది. ఆమె పేరేంటో తెలియడానికే నెలలు పడుతుంది. హంతకుడి పేరు కాదు, చనిపోయిన మనిషి పేరు! ఉత్తరాలు వెళ్తాయి, జవాబులు రావు, పోలీసులు ఎదురుచూస్తుంటారు. దీన్ని స్లో అనకుండా ఇంకేమంటాం? కానీ ఆ ఆలస్యమే కదా కథ. చిన్న స్టేషన్‌కి సొంత ల్యాబ్ ఉండదు, శాంపిల్ పెద్ద ఊరికి పంపాలి, విషప్రయోగం అనుమానం ఉంటే రిపోర్టుకి ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆలోపు ఊరు ఊరికే కూర్చోదు. పుకారు పుడుతుంది, ఎవరి మీదో వేలు చూపిస్తుంది, ఆ వేలు చూపించిన కుటుంబానికి పలకరింపులు ఆగిపోతాయి. మంచి రచయిత ఆ వారాలను వాడుకుంటాడు. చేతకాని రచయిత ఏం చేస్తాడంటే, అదే ఖాళీలో హీరో విడాకులు, హీరో తాగుడు, నిద్రపట్టని హీరో కిటికీలోంచి వర్షం చూడటం, ఇలా నింపుకుంటూ పోతాడు. రెండింటికీ పాఠకుడు వాడే మాట ఒకటే, 'స్లో'. మొదటిది నిరీక్షణ, రెండోది సాగదీత. ఈ తేడా పట్టుకోకుండా ఇచ్చే తీర్పు వల్ల మంచి పుస్తకం దెబ్బతింటుంది, చెత్త పుస్తకమేమో "మూడ్ బాగుంది" అనిపించుకుని బయటపడిపోతుంది.

ఇక 'ముందే కనిపెట్టేశా' దగ్గరికి వద్దాం. ఈ గొప్ప నేనూ చెప్పుకున్నవాణ్నే. ఒకసారి ఇలాంటి నవల చదువుతూ 120వ పేజీ దగ్గర ఆగి, చిన్న చీటీ మీద హంతకుడి పేరు రాసి అందులోనే దోపి ముందుకు వెళ్లాను. నవల అయిపోయింది. వారం తర్వాత ఎవరో అడిగితే "అబ్బే, సగంలోనే తెలిసిపోయింది" అన్నాను, చాలా నమ్మకంగా. కొన్ని నెలలకు పుస్తకం దులుపుతుంటే చీటీ కింద పడింది. మీద వేరే మనిషి పేరు ఉంది, అదీ కింద గీత గీసి మరీ! అబద్ధం చెబుతున్నానని అప్పుడు నాకు తెలియను కూడా తెలియదు. నలుగురిని వరసగా అనుమానిస్తాం, అందులో ఒకడు నిజం అవుతాడు, మిగతా ముగ్గురినీ బుర్ర మర్యాదగా చెరిపేస్తుంది.

పైగా చిన్న ఊరి కథలో ఊహించడం పెద్ద ఘనకార్యమేమీ కాదు. డిటెక్టివ్ కథలు కూడా రాసిన రొనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ ఫాదర్ 1929లో ఈ తరహా కథలకు పది నియమాలు పెట్టాడు. అందులో మొదటిదే, నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి అని. పెద్ద నగరంలో అయితే మొదట్లో కనిపించినవాళ్ల వెనక ఇంకా లక్షల మంది ఉన్నారన్న భ్రమ ఉంటుంది. చిన్న టౌన్‌లో ఆ వెసులుబాటు లేదు. డాక్టరు, టీచరు, మాజీ సైనికుడు, ఊరు వదిలి వెళ్లి మళ్లీ వచ్చినవాడు, చనిపోయిన అమ్మాయి స్నేహితురాలు, మహా అయితే పన్నెండు మంది. ఆ పన్నెండు మందిలో ఒకడిని పట్టుకుని "రచయిత దొరికిపోయాడు" అంటే ఎలా?

ఈ రకం నవలలో అసలు టెన్షన్ 'ఎవరు' అన్నదాంట్లో ఉండదు. నాకు ఒక సన్నివేశం ఊహించుకోవడం ఇష్టం. ఇన్‌స్పెక్టర్ తనకు చిన్నప్పుడు చదువు చెప్పిన టీచరమ్మ ఇంటికి వెళ్తాడు. ఆవిడ పక్కింట్లో హత్య జరిగింది. తలుపు తీసి "ఏంట్రా ఇలా వచ్చావ్, కూర్చో" అంటుంది. కూర్చుంటాడు. టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకుంటాడు. అదీ ఇదీ మాట్లాడాక జేబులోంచి నోట్‌బుక్ తీసి "టీచర్, నిన్న రాత్రి తొమ్మిది తర్వాత మీరెక్కడున్నారు?" అని అడుగుతాడు. ఆవిడ ఒక్క క్షణం చూసి "రాసుకోండి ఇన్‌స్పెక్టర్ గారూ" అంటుంది. అంతే. 'రా' పోయింది, 'గారు' వచ్చింది. ఆవిడ హంతకురాలు కాకపోవచ్చు, కేసు తేలిపోవచ్చు, కానీ ఆ 'గారు' ఇక ఎప్పటికీ వెనక్కి పోదు. నగరం డిటెక్టివ్‌కి ఈ నష్టం లేదు, సాక్షి వెళ్లిపోతే మళ్లీ కనిపించడు. ఇక్కడ మాత్రం రేపు పొద్దున రోడ్డు మీద ఎదురుపడాల్సిందే.

అందుకే చివర్లో ఎక్కణ్నుంచో వచ్చిన బయటి మనిషి హంతకుడని తేలినప్పుడు పాఠకులకు మండుతుంది. "ట్విస్ట్ బాలేదు" అని ఊరుకుంటారుగానీ, కోపం ట్విస్ట్ మీద కాదు. ఊళ్లోవాళ్ల మధ్య మూడు వందల పేజీలు రాజేసిన అనుమానానికి మూల్యం ఎవరూ కట్టక్కర్లేకుండా రచయిత తప్పించాడు, అదీ బాధ.

పాఠకులు నూటికి నూరుపాళ్లు కరెక్ట్ అయ్యే చోటు ఒకటుంది, పోలీసు పద్ధతి. "ఇన్‌స్పెక్టర్ సొంత తమ్ముడే అనుమానితుడైతే కేసు ఆ ఇన్‌స్పెక్టర్ చేతిలో ఎలా ఉంచుతారు?" అని అడుగుతారు. ఉంచరు, ఉంచకూడదు. అసలు చాలా చోట్ల చిన్న టౌన్ పోలీసు చేతిలో హత్య కేసే ఉండదు. అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రాన్నే తీసుకోండి. పోర్ట్‌లాండ్, బ్యాంగర్ అనే రెండు నగరాలు తప్ప మిగతా అన్నిచోట్లా హత్య దర్యాప్తు స్టేట్ పోలీసులదే. విచిత్రం ఏంటంటే 1984 నుంచి 1996 దాకా పన్నెండు సీజన్లు నడిచిన 'మర్డర్, షీ రోట్' టీవీ సీరియల్‌లోని కాబట్ కోవ్ అనే కల్పిత టౌన్ ఉండేది ఆ రాష్ట్రంలోనే. అక్కడ స్థానిక షెరీఫ్ వచ్చి దర్యాప్తు మొదలుపెట్టేస్తాడు, రచయిత్రి అయిన పెద్దావిడ దాన్ని తేల్చేస్తుంది. చిన్న ఊళ్లో లెక్కలేనన్ని హత్యలు జరగడానికి 'కాబట్ కోవ్ సిండ్రోమ్' అనే పేరే స్థిరపడింది.

నన్నడిగితే కేసు చేతిలోంచి లాగేసుకోవడం కంటే మంచి డ్రామా ఇంకోటి లేదు. పై ఆఫీసు నుంచి టీమ్ దిగుతుంది, వాళ్లకు ఊరు తెలియదు, తెలిసినవాడేమో టీ కప్పులు అందిస్తూ పక్కన నిలబడాలి. దీన్ని వదులుకుని "మా ఇన్‌స్పెక్టర్ ఒక్కడే అన్నీ చేస్తాడు" అని రాసే రచయితల మీద నాకు జాలి.

హత్యల లెక్క మాత్రం నేను పెద్దగా పట్టించుకోను. సిరీస్ అన్నాక పుస్తకానికో శవం తప్పదు, అది మనం ఒప్పుకునే దిగిన ఆట. అయితే "నమ్మబుద్ధి కాలేదు" అన్న పాఠకుడిని కాస్త గుచ్చి అడిగితే వేరే సంగతి బయటపడుతుంది. మొదటి భాగంలో కూతురు చనిపోయిన తల్లి మూడో భాగంలో నవ్వుతూ పలకరిస్తుంది. హత్య జరిగిన ఇంట్లో ఎవరో అద్దెకు దిగుతారు, ఒక్కరూ ఆ మాట ఎత్తరు. ఊరికి జ్ఞాపకం లేదు. చిన్న ఊరు మర్చిపోవడమా! హత్యలు పదైనా నమ్ముతాంగానీ దీన్ని నమ్మలేం.

హెన్నింగ్ మంకెల్ 1991లో మొదలుపెట్టిన వలాండర్ నవలలు ఈ విషయంలో బలంగా నిలబడతాయి. స్వీడన్ దక్షిణ తీరంలో ఈస్టాడ్ అనే చిన్న పట్టణం, వలాండర్ అనే అలసిపోయిన పోలీసు. సిరీస్ నడిచేకొద్దీ అతను ముసలివాడవుతాడు, తండ్రితో గొడవలు, కూతురితో గొడవలు, ఏదీ తుడుచుకుపోదు. అతను ఉన్నట్టు రాసిన మరియాగాటన్ వీధిని చూడ్డానికి నిజంగా మనుషులు వెళ్తుంటారు. లేని మనిషి ఇల్లు చూడ్డానికి! ఏ కేసులో ఎవరు హంతకుడో వాళ్లలో ఎంతమందికి గుర్తుంటుందో నాకు అనుమానమే.

స్లో అంటూనే తర్వాతి భాగం అడిగేవాడు నా లెక్కలో ఇలాంటివాడే. వాడికి కావాల్సింది ఇంకో హత్య కాదు. ఆ టీచరమ్మ మళ్లీ 'రా' అంటుందా లేదా అన్నది.

నా చీటీ ఉన్న పుస్తకాన్ని మొన్నే ఒక ఫ్రెండ్ అడిగి తీసుకెళ్లాడు. చీటీ తీసేద్దామనుకుని, మళ్లీ 120వ పేజీలోనే పెట్టి ఇచ్చాను. ఎలాగూ తప్పు పేరే కదా.