పుస్తకం చూసి ఔటిచ్చేవాడు అంపైరా?

అమెరికా బేస్‌బాల్ రూల్ బుక్‌లో అంపైర్లకి కొన్ని సూచనలు రాసి ఉంటాయి. అందులో ఒకటి ఏమిటంటే, రూల్ బుక్ వెంట ఉంచుకో, చిక్కొస్తే ఆట పది నిమిషాలు ఆపైనా సరే తీసి చూడు, తరవాత గొడవై మ్యాచ్ మళ్ళీ ఆడించడం కంటే అదే నయం అని. చదివి నిజంగా బాధేసింది. మా విజయనగరం జిల్లాలో జేబులోంచి కాగితం తీసి చూసేవాడిని అంపైర్ అనరు, స్లిప్పులు పెట్టుకొచ్చాడంటారు.

వాళ్ళకి డబ్బుంది, మాస్కులున్నాయి, ఛాతీకి ప్యాడ్లున్నాయి. కానీ అంపైరింగ్‌లో మాత్రం మన నెల్లిమర్ల, గజపతినగరం, బొబ్బిలి కంటే చాలా వెనకబడి ఉన్నారు. ఇది ఎవరో ఒకరు వాళ్ళకి చెప్పాలి.

ముందు నిలబడే సంగతి చూడండి. ఎక్కడ నిలబడాలో కూడా వాళ్ళకి క్లాసు పెట్టి నేర్పాలి. ఇద్దరే అంపైర్లున్న మ్యాచ్‌లో బంతి కొట్టిన బ్యాటర్ రన్నరై పరిగెత్తి చేరే బేస్‌ల మీద ఎవరూ లేకపోతే రెండో ఆయన ఫస్ట్ బేస్ ఫీల్డర్ వెనకాల, బంతి పడాల్సిన హద్దైన ఫౌల్ గీతకి అవతల నిలబడాలి. ఫస్ట్ బేస్ మీదకి రన్నర్ వచ్చాడంటే ఈయన మైదానం లోపలికొచ్చి పిచ్చర్‌కీ (అంటే వాళ్ళ బౌలర్‌కీ) సెకండ్ బేస్‌కీ మధ్య ఓ పక్కగా నిలబడాలి, రన్నర్ ముందుకి జరిగితే ఈయన రెండో పక్కకి జరగాలి, ఈ చోట్లకి ఏ, బీ, సీ అని పేర్లు. బంతి దూరంగా గాల్లోకి లేచి ఆ అంపైర్ దాని వెంట పరిగెత్తాడంటే, బ్యాటర్ నిలబడే ప్లేట్ వెనక ఉన్నాయన మాస్క్ చేత్తో పట్టుకుని మిగిలిన రన్నర్ల పని చూసుకోవాలి. అంటే ఆటగాళ్ళతో సమానంగా అంపైర్లు కూడా పరిగెడుతున్నారన్నమాట, ఎంత నామోషీ! మా సంక్రాంతి టోర్నమెంట్లో మెయిన్ అంపైర్ షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. మైకు ఆయన చేతిలోనే ఉంటుంది కాబట్టి కామెంటరీ, తీర్పు, చందాలిచ్చిన దాతల పేర్లు, దారికి అడ్డంగా పెట్టిన బైకు తియ్యమని చెప్పడం, అన్నీ ఆయనే. కుర్చీలోంచి లేవకుండా ఎల్బీడబ్ల్యూ ఇవ్వగలడు, అదీ పక్కనుంచి.

ఫస్ట్ బేస్ దగ్గరికి రన్నరూ బంతీ దాదాపు ఒకేసారి వస్తే వాళ్ళు పడే పాట్లు చెప్పనక్కర్లేదు. కళ్ళు బేస్ మీద పెట్టి రన్నర్ కాలు పడటం చూడాలి, చెవులు గ్లవ్ మీద పెట్టి బంతి పడిన చప్పుడు వినాలి, ఏది ముందో తేల్చుకున్నాక కూడా వెంటనే నోరు తెరవకూడదు, బంతి గ్లవ్‌లో నిలిచిందో జారిందో చూడ్డానికి ఒక క్షణం ఆగాలి. ఆగడం దేనికండీ? మా దగ్గర బౌలర్ రనప్ మొదలెట్టేసరికే ఔటో కాదో తెలిసిపోతుంది, వాడు ఎవరి తమ్ముడో తెలిస్తే చాలు. ఇక చప్పుడు వినడమంటారా, పక్కనే డీజే పెట్టుకుని?

సైగల దగ్గర మాత్రం వాళ్ళు మనల్ని కావాలనే ఇబ్బంది పెట్టారని నా అనుమానం. స్కూల్ గేమ్స్ లిస్టులో బేస్‌బాల్ కూడా ఉంది కాబట్టి ఇది రేపో మాపో శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో జరగొచ్చు, ఊహించుకోండి. అంపైర్ రెండు చేతులూ పక్కలకి చాపుతాడు, అంటే రన్నర్ సేఫ్. జనానికి అది వైడ్. "ఏటి బావూ, అంత సక్కగా ఏస్తే వైడ్ ఇచ్చీసినాడేటి?" అని గ్యాలరీలో గొడవ మొదలు. ఫౌల్ బాల్‌కి రెండు చేతులూ పైకెత్తుతాడు, మనవాళ్ళు సిక్సరనుకుని ఈలలేస్తారు. పోనీ బ్యాటర్ నిజంగానే హోమ్ రన్, అంటే వాళ్ళ సిక్సర్, కొట్టాడనుకోండి, అంపైర్ వేలు పైకెత్తి గాల్లో గుండ్రంగా తిప్పుతాడు, అది మనకి ఫ్రీ హిట్. కొట్టింది చాలక ఇంకో బంతి కూడానా అని అవతలి ఊరివాళ్ళు గ్రౌండ్‌లోకి దిగిపోతారు.

ఒక్కచోట మాత్రం మనకి కలిసొస్తుంది. ఇద్దరు ఔటవ్వకముందు, ఫస్ట్, సెకండ్ బేస్‌ల మీద రన్నర్లుండగా, లేదా మూడు బేస్‌లూ నిండి ఉండగా, ఇన్‌ఫీల్డ్‌లో, అంటే బేస్‌ల దగ్గర్లో, తేలిగ్గా పట్టేసే క్యాచ్ లేచిందంటే అంపైర్ వెంటనే వేలు పైకి చూపించి ఇన్‌ఫీల్డ్ ఫ్లై అని అరుస్తాడు. బంతి ఫౌల్ గీతల లోపల, ఫెయిర్‌గా పడితే చాలు, ఫీల్డర్ జారవిడిచినా బ్యాటర్ ఔటే. లేకపోతే ఫీల్డర్ కావాలనే క్యాచ్ వదిలేసి, బేస్‌ల మీద ఇరుక్కున్న రన్నర్లని ఇద్దర్ని లేపేస్తాడని భయం. వేలెత్తాడు, ఔట్ అంటారు మనవాళ్ళు. ఆట తెలియకపోయినా తీర్పు కరెక్టే.

ఇంక రూల్స్. ప్రొఫెషనల్ ఆటకో పుస్తకం, కాలేజీకో పుస్తకం, హైస్కూల్‌కో పుస్తకం అని వాళ్ళకి ఎంత గొప్పో! పిచ్చర్ రన్నర్లని మోసం చేసేలా తప్పుడు కదలిక కదిలాడనుకోండి, దాన్ని బాక్ అంటారు. అలా కదులుతూనే వేసిన బంతిని బ్యాటర్ ఫెన్స్ అవతలికి కొట్టేశాడు. ప్రొఫెషనల్ రూల్స్‌లో ఆట ఆగదు, కాబట్టి అది హోమ్ రనే. హైస్కూల్ రూల్స్‌లో బాక్ అయిన క్షణమే బంతి చచ్చిపోయింది, కొట్టిన దెబ్బ లెక్కలో లేదు, రన్నర్లు తలో బేస్ జరిగి కూర్చోవాలి. దీనికే అక్కడ అంపైర్లు తలలు పట్టుకుంటారట. మా గంటస్తంభం వెనక వీధుల్లోకి ఒకసారి రమ్మనండి. కరెంటు తీగకి తగిలితే ఒక వీధిలో బంతి మళ్ళీ వెయ్యాలి, పక్క వీధిలో ఔట్. డైరెక్టుగా గోడ దాటితే ఇక్కడ సిక్స్, అక్కడ ఔట్, ఆ మేడ మీద రిటైర్డ్ హెడ్మాస్టారు ఉంటే రెండు టీములూ పరార్. ఒక్క అక్షరం ఎక్కడా రాసి లేదు. గొడవొచ్చినప్పుడే రూల్ పుడుతుంది, గొంతు పెద్దదున్నవాడే రచయిత.

ఫీల్డింగ్ చెయ్యకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే డిజిగ్నేటెడ్ హిట్టర్‌ని అమెరికన్ లీగ్ 1973లో తెచ్చింది, నేషనల్ లీగ్ పూర్తిగా ఒప్పుకునేసరికి 2022 వచ్చింది. దాదాపు యాభై ఏళ్ళు చర్చ! మా వీధిలో ఆ పదవి బ్యాటున్న కుర్రాడిది. వాడి బ్యాటింగ్ అయిపోగానే అమ్మ పిలుస్తోందంటాడు, వెళ్ళిపోతాడు, బ్యాటుతో సహా.

ఒక్క విషయంలో మాత్రం అమెరికా అంపైర్‌కి నేను నమస్కారం పెడతాను. రన్నర్ బేస్ తొక్కకుండా దాటిపోయాడనుకోండి, అంపైర్ కళ్ళారా చూశాడనుకోండి, ఆయన ఏమీ అనడు. అవతలి టీం గమనించి, తర్వాతి బంతి పడేలోపు అప్పీల్ చేస్తేనే ఔటిస్తాడు. చూసి కూడా చూడనట్టుండటం, అర్జీ వస్తేనే కదలడం, గడువు దాటితే అయ్యో అనడం, ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారో మాకు తెలియనిది కాదు. ప్రతి సోమవారం గ్రీవెన్స్‌లో చూస్తున్నదే.

అక్కడితో ఆగితే బాగుండేది. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో గలరాగా అనే పిచ్చర్ వరసగా 26 మందిని ఔట్ చేశాడు, ఇంకొక్కడైతే ఒక్కరినీ బేస్ ఎక్కనివ్వని పర్ఫెక్ట్ గేమ్. ఆ 27వ బ్యాటర్ ఫస్ట్ బేస్ దగ్గర స్పష్టంగా ఔట్, అంపైర్ జిమ్ జాయిస్ సేఫన్నాడు. పొరపాట్లు అవుతాయి, దానికేం. కానీ ఆయన మ్యాచయ్యాక వీడియో చూసి, తప్పు నాదేనని ఒప్పుకుని, ఆ కుర్రాడికి స్వయంగా క్షమాపణ చెప్పాడు, మర్నాడు మైదానంలో కళ్ళు తుడుచుకున్నాడు. ఇదేం పద్ధతండీ? సారీ చెప్పిన పెద్దమనిషిని మా జిల్లాలో నేనింతవరకూ చూళ్ళేదు, చూస్తే మాకు భయమేస్తుంది. మా పెద్దమనుషుల తీరే వేరు. 1936లో ఇండియా టీంని ఇంగ్లండ్ తీసుకెళ్ళిన కెప్టెన్ విజ్జీ మన విజయనగరం రాజకుమారుడే, కాపురం కాశీలోనైనా పేరు మాత్రం మనది. మూడు టెస్టుల్లో మొత్తం 33 పరుగులు, సగటు 8.25. లాలా అమర్‌నాథ్ అంతటి ఆటగాణ్ణి టూర్ మధ్యలో ఇంటికి పంపించేశారు. తరవాతి రోజుల్లో విజ్జీ రేడియోలో కామెంటరీ కూడా చెప్పారు. మా షామియానా అంపైర్‌కి మైకు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడర్థమైందా?

ఇక 2026 సీజన్ నుంచి అక్కడ బ్యాటర్ కొట్టని బంతి సరిగ్గా పడిందా (స్ట్రైక్), పక్కకి పోయిందా (బాల్) అన్న తీర్పు నచ్చకపోతే బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ ఎవరైనా తన నెత్తి మీద హెల్మెట్టో టోపీయో తట్టుకుంటే చాలు, కెమెరాలు చూసి సరిచేస్తాయి. టీంకి రెండు ఛాన్సులు, గెలిస్తే ఛాన్స్ పోదు. ఏదో కొత్తగా కనిపెట్టినట్టు చెప్పుకుంటున్నారు. పింఛనాగిపోయిందనీ, సర్వే నంబర్ మారిపోయిందనీ ఇక్కడ మేము ఏళ్ళ తరబడి నెత్తీ నోరూ కొట్టుకుంటూనే ఉన్నాం, ఛాన్సులకి లెక్కే లేదు, కెమెరా ఒక్కటే ఇంకా రాలేదు.

అందుచేత అమెరికా అంపైర్లకి నా సూచన ఏమిటంటే, వచ్చే సంక్రాంతికి ఓ పదిమంది ట్రైనింగ్‌కి వచ్చెయ్యండి. కుర్చీ, మైకు, టీ మేమిస్తాం. రూల్ బుక్కులు విశాఖ ఎయిర్‌పోర్ట్‌లోనే వదిలేసి రండి. బ్యాటు మాత్రం తెచ్చుకోండి, బ్యాటెవరిదైతే ఫస్ట్ బ్యాటింగ్ వాళ్ళదే, ఈ ఒక్క రూల్‌కీ అన్ని వీధుల్లోనూ ఒకటే పుస్తకం.