కాఫీకి బిల్లు, తాళానికి గరిటె

మరదలి పెళ్ళి చీరలు. నెల్లూరు ట్రంకు రోడ్డు. షాపులో మూడో అంతస్తు. ఇంతకు మించి చెప్పక్కర్లేదు, పెళ్ళయిన వాళ్ళకి అర్థమైపోతుంది. మూడో గంటలో నాకు ఒక అవసరం వచ్చింది. షాపులో అడిగితే స్టాఫ్‌కి మాత్రమేనన్నారు. బయటికొచ్చి పెట్రోలు బంకుకి పోయాను. బంకుల్లో జనానికి టాయిలెట్, మంచినీళ్ళు, టైర్లకి గాలి ఊరికే ఇవ్వాలని రూలుంది. టాయిలెట్ తలుపుకి మాత్రం తాళం. "గాలుంది సార్" అన్నాడు కుర్రోడు. నా పరిస్థితిలో గాలితో నేనేం చేసుకోను?

పక్కనే కొత్తగా పెట్టిన కాఫీ షాపు కనపడింది. ఏసీ, అద్దాలు, గోడ మీద ఏదో దేశపు కాఫీ తోట బొమ్మ. కౌంటర్లో అబ్బాయి చిరునవ్వుతో, "కస్టమర్స్ ఓన్లీ సార్. బిల్లుంటేనే తాళంచెవి" అన్నాడు.

అప్పుడు నాలోని లాయరు లేచాడు. వాట్సాప్‌లో ఎవరో పంపిన సంగతి గుర్తొచ్చి, 1867 నాటి సరాయిల చట్టం ప్రకారం ఏ హోటల్లోనైనా ఎవరైనా టాయిలెట్ వాడుకోవచ్చని గట్టిగా చెప్పాను. ఆ అబ్బాయి ఓపిగ్గా విని, "స్మాలా, రెగ్యులరా సార్?" అన్నాడు. తర్వాత కోపం తగ్గక ఆ చట్టమేదో తెరిచి చదివాను. దారిన పోయేవాళ్ళు తలదాచుకునే సత్రాల గురించి రాశారు. గదులు, వసారాలు శుభ్రంగా ఉంచాలి, మనుషులూ పశువులూ తాగే బావులు బాగుచెయ్యాలి, దొంగలు ఎక్కి దిగడానికి పనికొచ్చే చెట్టుకొమ్మలు నరికెయ్యాలి. దొంగల అవసరం కూడా ఆలోచించిన దొరలు నా అవసరం గురించి ఒక్క ముక్క రాయలేదు.

సరే, అన్నిటికన్నా చిన్న కాఫీ చెప్పాను. 190 రూపాయలు. కప్పు చూస్తే దగ్గు మందు కొలిచే మూతంత ఉంది. దాన్ని కౌంటర్ మీదే వదిలేసి చెయ్యి చాపాను.

ఆ అబ్బాయి చేతిలో పెట్టింది గరిటె.

పెళ్ళి వంటల్లో పప్పు కలిపే మూరెడు స్టీలు గరిటె. దాని కాడకి గొలుసు, గొలుసు చివర చిన్న తాళంచెవి. వెనకటికి ఒకాయన తాళంచెవి జేబులో వేసుకుని గూడూరు దాకా పోయాడంట. అప్పట్నించి ఓనరు ఈ ఏర్పాటు చేశాడంట. ఏ జేబులోనూ పట్టదు, ఎక్కడా మర్చిపోలేము, ముఖ్యంగా ఎవరికీ కనపడకుండా తీసుకుపోలేము. షాపు ఈ మూల కౌంటరు, ఆ మూల టాయిలెట్. మధ్యలో పన్నెండు టేబుళ్ళు. చేత్తో గరిటె పట్టుకుని, నడకలో తొందర కనపడనివ్వకుండా బయల్దేరాను.

"ఏంది అబ్బయా, బాగుండారా?"

మా ఆవిడకి పిన్ని వరస. ఆ టేబులు దగ్గర పెళ్ళిచూపులు. ఈమధ్య మావైపు కూడా పెళ్ళిచూపులు కాఫీ షాపులకి మారాయి. మూడు టేబుళ్ళు కలిపి ఎనిమిది మంది కూర్చున్నారు, మధ్యలో రెండు కోల్డ్ కాఫీలు. అబ్బాయీ అమ్మాయీ తాగుతున్నారు, మిగతా ఆరుగురూ చూస్తున్నారు. ఆ ఆరుగుర్నీ ఎవరూ బిల్లడగలేదు. పట్టుచీరలు కట్టుకుంటే అడగరు కాబోలు. అంటే ఆ షాపులో కూర్చోడానికి రూలు లేదు, లేచి పోవడానికే ఉంది.

"ఈ గరిటేంది?" అంది పిన్నిగారు.

మగపెళ్ళివారి ముందు, కాబోయే పెళ్ళికూతురి ముందు, ఇది టాయిలెట్ తాళం అని చెప్పడానికి నోరు రాలేదు. "ఇంటికి... కొన్నానత్తయ్యా" అన్నాను.

"ఇంత గరిటె దేనికి?"

"చేపల పులుసుకి" అన్నాను. నెల్లూర్లో కూర్చుని నెల్లూరు వాళ్ళతో అనకూడని మాట అది.

టేబులంతా నిశ్శబ్దం. అబ్బాయి కూడా స్ట్రా వదిలేశాడు. "చేపల పులుసులో గరిటె పెడతారా అబ్బయా? ముక్క చితికిపోదూ?" అంది అత్తయ్య బాధగా. దాకని గుడ్డతో రెండువైపులా పట్టుకుని మెల్లగా తిప్పాలంట, మామిడికాయ ముక్కలు ఎప్పుడెయ్యాలంట, మర్నాటికి ఉంచితేనే రుచంట. ఇవన్నీ నాకు తెలుసు. పుట్టినప్పట్నించీ తింటున్నాను. కానీ తెలుసంటే గరిటె ఎందుకో చెప్పాలి. మగపెళ్ళివారిది ఒంగోలు. పెళ్ళికొడుకు వాళ్ళమ్మ, "మేమైతే కాడతో కాస్త కదుపుతాం వదినా" అంది. మామయ్య ముఖం ముడుచుకున్నాడు. ఒక సంబంధం నా గరిటె మీద తప్పిపోయేట్టుంది. నేను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, పులుసు గురించి తల ఊపుతూ నిలబడ్డాను.

అత్తయ్య గరిటె చేతిలోకి తీసుకుని బరువు చూసింది. "ఎంత?"

నోట్లో ఉన్న అంకె అదొక్కటే. "నూట తొంభై."

"మోసపోయారు. ఈ తాళంచెవేంది?"

"ఫ్రీ అత్తయ్యా."

అప్పుడే కౌంటర్లోంచి ఆ అబ్బాయి, పాపం డ్యూటీ మీద శ్రద్ధ ఎక్కువ, గొంతెత్తి అరిచాడు: "గరిటె సార్, టాయిలెట్‌కి వెళ్ళకపోతే ఇచ్చేయండి, ఇంకో కస్టమర్ వెయిటింగ్!"

అత్తయ్య గరిటెని టేబులు మీద పెట్టి, చెయ్యి చీర కొంగుకి తుడుచుకుంది.

ఆ తర్వాత లోపలికి ఎలా పోయానో, ఎలా బయటికొచ్చానో రాయను.

షాపువాడిదే అంతా తప్పని నేననను. అద్దె వాడు కట్టాలి, కడిగే మనిషికి జీతం వాడివ్వాలి. అమెరికాలో స్టార్‌బక్స్ కాఫీ షాపుల వాళ్ళకే ఇది తేలలేదు. 2018లో ఫిలడెల్ఫియాలో ఏమీ కొనకుండా ఒకాయన కోసం ఎదురుచూస్తూ కూర్చున్న ఇద్దరు నల్లజాతి యువకుల్లో ఒకరు టాయిలెట్ అడిగితే, వాళ్ళ మీదికి పోలీసుల్ని పిలిపించారు. గోల పెద్దదయ్యాక, ఎవరైనా కూర్చోండి, ఎవరైనా వాడుకోండి అన్నారు. 2025 జనవరిలో మళ్ళీ, కొంటేనే అన్నారు. మన దేశంలో అయితే 2017లో దక్షిణ ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ వాళ్ళు, హోటళ్ళ టాయిలెట్లు అందరూ వాడుకోవచ్చు, కావాలంటే 5 రూపాయల దాకా తీసుకోండని చెప్పారు. అయిదు కాదు, నేను యాభై ఇచ్చేవాణ్ణి. ఎందుకు బాబూ ఈ కాఫీ, ఈ బిల్లు, ఈ గరిటె? మా చిన్నప్పుడు ట్రంకు రోడ్డు హోటల్లో గల్లాపెట్టె దగ్గర పెద్దాయన మన ముఖం చూసి, అడక్కుండానే "వెనకపక్క" అని చెయ్యి చూపించేవాడు. ఇప్పుడు ముఖం చూడరు, బిల్లు చూస్తారు. ఊరంతటికీ నాలుగు శుభ్రమైన టాయిలెట్లు కట్టి, వాటికి తాళాలెయ్యకుండా ఉంచితే ఈ కుర్రాడి చిరునవ్వుతో నాకేం పని?

గరిటె తిరిగిస్తుంటే, "కాఫీ చల్లారింది సార్, వేడి చేసివ్వమంటారా?" అన్నాడు. చేస్తే మళ్ళీ తాగాలి. వద్దన్నాను.

చీరల షాపు మెట్లెక్కుతుంటే మా ఆవిడ ఫోను. "యాడుండారు? పిన్ని ఫోన్ చేసింది. గరిటె ఏదో ముట్టుకోనిచ్చారంట కదా ఆమెని?"