రెండు కొసలా ప్లగ్గులున్న వైరు గారికి

మహారాజశ్రీ వైరు గారికి నమస్కారములు.

ఉభయకుశలోపరి. తమరు కుశలమేనని తెలుసు. తమరిని చేత్తో పట్టుకున్నవాళ్ల సంగతే చెప్పలేను.

కరెంటు పోగానే ఇంటి పెద్దకి ముందు గుర్తొచ్చేది తమరే. ఒక కొస జనరేటర్లో, రెండోది గోడ సాకెట్లో. క్షణంలో ఇల్లంతా వెలుగు. ఇంటిని లైను నుంచి జనరేటర్‌కి మార్చే చేంజోవర్ స్విచ్ ఖర్చు లేదు, ఎలక్ట్రీషియన్ని బతిమాలే పని లేదు. ఇంత సేవ చేస్తున్నా తమరి ఒంటిమీద ఏ ప్రమాణాల ముద్రా లేకపోవడం చూసి మనసు చివుక్కుమంటుంది. పాపం, కత్తెరా నల్లటేపూ ఉన్న ఇంటి మేధావులే ఇప్పటికీ తమరికి ప్రాణం పోస్తున్నారు.

సామాను తయారుచేసేవాళ్లకి ఒక చాదస్తం ఉంది. కరెంటు ఇచ్చే వైపు రంధ్రాలుండాలట, పుచ్చుకునే వైపే పిన్నులుండాలట. తమరికి ఆ భేదభావం లేదు. రెండు తలల పాములా ఎటు పట్టుకున్నా కోరలే. జనరేటర్ నడుస్తుండగా ఎవరి కాలో తగిలి గోడ వైపు కొస ఊడిందంటే, ఆ ఇత్తడి పిన్నులు 230 వోల్టులతో నేలమీద బోర్లా పడి ఉంటాయి. చీకట్లో వాటిని తీసి మళ్లీ గుచ్చబోయేదీ ఇంట్లో మనిషే.

"మెయిన్ ఆపేశాంగా" అంటారు తమరి అభిమానులు. ఆపారు, నిజమే. టార్చి నోట్లో పెట్టుకుని, చెమటలు కక్కుతూ, నలుగురు నాలుగు సలహాలిస్తుంటే ఆపారు. రేపు ఆపడం మరిచిపోతే? వీళ్లు ఆపిన సంగతి తెలియక ఇంట్లో ఇంకొకరు పైకి ఎత్తేస్తే? చేంజోవర్ స్విచ్‌కి మన జ్ఞాపకశక్తితో పని లేదు. పిడి అటుంటే లైను కరెంటు, ఇటుంటే జనరేటర్, నడుమ సున్నా. రెండూ కలిసే వీలే దాని ఒంట్లో లేదు.

మెయిన్ ఆపని రోజున తమరి కరెంటు వీధి దాకా షికారు పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి మొహమాటం లేదు, ఎటు నుంచి ఇచ్చినా పుచ్చుకుంటుంది. 11,000 వోల్టులను 230కి దించే ఆ యంత్రమే తమరి 230ని మళ్లీ 11,000 చేసి పైకి పంపుతుంది. వీధిలో ఇళ్లన్నీ భారమై కూర్చుంటే చిన్న జనరేటర్ మూలిగి ఆగిపోవచ్చు. లైను దగ్గర్లోనే తెగి, మోయాల్సిన భారం లేకపోతే ఆగదు. ఆ తెగిన తీగ కలపడానికే లైన్‌మన్ స్తంభమెక్కుతాడు, సరఫరా ఆపించే వచ్చానన్న ధీమాతో. ఇక అసలు కరెంటే తిరిగొచ్చిందా, రెండిటి లయ కుదరక జనరేటర్ లోపలి తీగచుట్ట, అదే వైండింగ్, కాలిపోతుంది. తమరికేం, అప్పటికీ పిన్నులు మెరుస్తూనే ఉంటాయి.

తమరి జిగిరీ దోస్తు ఎర్త్ రాడ్డు గారి గురించి కూడా నాలుగు ముక్కలు. జనరేటర్ పక్కన ఆయన్ని దిగ్గొట్టి, బకెట్టు నీళ్లు పోసి, అంతా క్షేమమని గుండె మీద చెయ్యేసుకుంటున్నారు జనం. మట్టి దారి నిరోధం 25 ఓమ్‌లనుకుందాం. ఎక్కడైనా కరెంటు లీకైతే, 230 వోల్టులకి ఆ దారిన పోయేది సుమారు 9 ఆంపియర్లు. కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్ ఎంసీబీ; 16 ఆంపియర్ల ఎంసీబీకి అది చక్కిలిగింత కూడా కాదు. లీకైన కరెంటు వెతుక్కునేది నేలతల్లిని కాదు, తను పుట్టిన వైండింగ్‌ని. ఆ దారి మందపాటి ఎర్తు తీగలోంచి ఉండాలి. జనరేటర్ మీది సాకెట్లలోంచే ఫ్రిజ్జుకో పంపుకో నేరుగా మూడు తీగల వైరు లాగితే, చాలాచోట్ల నిబంధనలు విడిగా రాడ్డు అడగవు కూడా. ఇంటి వైరింగ్‌కి కలిపితేనే అసలు చిక్కు: న్యూట్రల్ (కరెంటు తిరిగొచ్చే తీగ), ఎర్తు కలిసే చోటు ఒక్కటే ఉండాలి. చేంజోవర్ న్యూట్రల్‌ని కూడా మార్చేదైతే ఆ కలయిక జనరేటర్ దగ్గర, న్యూట్రల్‌ని కదపనిదైతే సరఫరా వైపు ఉన్నదే చాలు. రెండు చోట్లా కలిపితే న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్తు తీగలోకి చొరబడుతుంది, లీకేజీ కనిపెట్టి కరెంటు ఆపే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటుంది. దాంతో మేధావి గారు ఆర్‌సీసీబీనే పీకేస్తారు!

తమరు పొట్టివారు కావడం ఇంకో సౌకర్యం. వైరు అందట్లేదని జనరేటర్‌ని వరండాలోకే లాక్కొచ్చేస్తున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు కాబట్టి ఎవరికీ ఇబ్బంది అనిపించదు. తలుపులకీ కిటికీలకీ కనీసం ఆరు మీటర్ల దూరం పాటించాలంటే తమరిలో ఇంకో ముక్క అతకాలి, ఇంకాస్త టేపు చుట్టాలి.

అయినా తమరిని చెత్తలో పారేయమని నేననను. ఒక ఉద్యోగం ఖాళీ ఉంది, దరఖాస్తు చేసుకోండి. ఒక కొస ప్లగ్గు విప్పేసి సాకెట్టు బిగించుకోవాలి. మామూలు ఎక్స్‌టెన్షన్ కొలువు. అర్హతలు: ఒంట్లో ఎర్తు కోసం మూడో తీగ, మోసే భారానికి తగ్గ రాగి మందం, నడుమ అతుకులు లేకపోవడం. నిన్న తమరి టేపు కాస్త విప్పి చూశాను. లోపల ఉన్నవి రెండే తీగలు, అవీ టేబుల్ ల్యాంపువి.

ఇట్లు,
చేంజోవర్ బిగించేదాకా చీకట్లోనే కూర్చోదలచిన,
ఒక వినియోగదారు