నియమావళికి కట్టుబడ్డ విగ్రహాలు

ఎన్నికల ప్రవర్తనా నియమావళిని ఎవరూ పాటించరంటూ గిట్టనివాళ్లు చేస్తున్న ప్రచారాన్ని ఈ వ్యాసకర్త తీవ్రంగా ఖండిస్తున్నాడు. కోడ్ కూసిందో లేదో, సెంటర్లలోని నాయకుల విగ్రహాలు ముఖం నిండా గుడ్డ చుట్టించుకుని కిక్కురుమనకుండా నిలబడతాయి. 2012లో ఉత్తరప్రదేశ్‌లో, బీఎస్పీ ఎన్నికల గుర్తు ఏనుగు కావడంతో, రాతి ఏనుగులు సైతం ముసుగేసుకున్నాయి. ఏ విగ్రహమూ ఓటుకింత అని కవర్లు పంచిన దాఖలా లేదు.

ఇక ప్రాణమున్న నాయకుల సంగతి. 1960లో కేరళలో పుట్టిన ఈ నియమావళి దానంతట అది చట్టం కాదు. దీనికి చట్టబద్ధత ఇద్దామని 2013లో పార్లమెంటరీ కమిటీ అంటే, వద్దన్నది ఎన్నికల సంఘమే. ఎన్నికలు 45 రోజుల్లో ముగుస్తాయి, కోర్టు కేసులు అంత తొందరగా తెమలవు కదా! అందుకని నోరు జారిన నాయకుడికి నోటీసు వెళ్తుంది. 'నా మాటలు వక్రీకరించారు' అని జవాబొస్తుంది. ఈలోగా ఆయన పక్క నియోజకవర్గంలో మళ్లీ జారుతుంటాడు.

పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు. టీకి, సమోసాకి, కుర్చీ అద్దెకి అధికారులే రేట్లు కడతారు. అభ్యర్థి ఇచ్చిన లెక్క చూస్తే కళ్లు చెమరుస్తాయి. ఊరంతా ట్రాఫిక్ ఆపిన ర్యాలీలో టీ తాగినవాళ్లు పాతిక మంది, సమోసా తిన్నవాళ్లు పన్నెండు మంది! మిగతావాళ్లు ఉపవాసమేమో. అన్నట్టు, పార్టీ చేసే ఖర్చుకు పరిమితే లేదు.

డబ్బు కట్టడి మాత్రం పకడ్బందీ. మిర్చి అమ్ముకుని యాభై వేలకు పైగా జేబులో పెట్టుకొచ్చే రైతును చెక్‌పోస్టులో ఆపి, సంచి దులిపించి, కాగితాలు అడుగుతారు. సరుకు అమ్మిన పట్టీ ఇంట్లో మర్చిపోయాడా, ప్రజాస్వామ్యం ఆ పూటకి గట్టెక్కినట్టే. పంచాల్సిన డబ్బు కోడ్ రాకముందే ఊరు చేరిపోయి ఉంటుంది గనక దానికి చెక్‌పోస్టుతో పనిలేదు.

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు మైకులు మూగబోతాయి. ఆ నిశ్శబ్దంలో తలుపు తట్టే చప్పుడు ఎంత స్పష్టంగా వినిపిస్తుందో! 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో తమకు డబ్బు అందలేదని జనం రోడ్డెక్కారు. ఉల్లంఘనలపై ఫిర్యాదుకు సీ-విజిల్ యాప్ ఉంది, వంద నిమిషాల్లో పరిష్కరిస్తామంటారు. అందులో 'మా వీధికి ఇంకా రాలేదు' అనే బటన్ కూడా పెట్టాలని సంఘానికి సవినయంగా మనవి చేస్తున్నాం.