గాజువాకకు ఫస్ట్ క్లాస్

సీడీలో ఫైళ్ల పేర్లు సగంలో తెగిపోతున్నాయంటే తప్పు డిస్కుది కాదు, మన ఊరి పేర్లది. ఈ మాట ఎవరో ఒకరు ధైర్యం చేసి అనాలి.

1980ల మధ్యలో అమెరికాలో తాహో సరస్సు దగ్గర హై సియెర్రా అనే హోటల్లో కొన్ని కంపెనీలవాళ్లు కూర్చుని, సీడీలో ఫైళ్లు ఎలా ఉండాలో తేల్చారు. అదే కాస్త మార్పులతో 1988లో ఐఎస్ఓ 9660 అనే అంతర్జాతీయ ప్రమాణం అయింది. అందులో మొదటి లెవెల్ చాలా నిష్ఠాగరిష్ఠమైనది. పేరుకు ఎనిమిది అక్షరాలు, ఒక చుక్క, ఆ తర్వాత మూడు. ఇంగ్లీషు పెద్దక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప మరేదీ గుమ్మం తొక్కకూడదు. మధ్యలో ఖాళీ వదలడం కూడా నేరమే.

ఇక మన సంగతి చూడండి. విశాఖపట్నం ఇంగ్లీషులో పదమూడు అక్షరాలు. ఎనిమిదో అక్షరం దగ్గర కోస్తే 'విశాఖప్' మిగులుతుంది. సీతమ్మధార, సీతమ్మపేట రెండూ 'సీతమ్మ్' దగ్గరే ఆగిపోతాయి. అప్పుడు సీడీలోకి ఎక్కించడానికి ఫైళ్లన్నీ సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకదానికి అంకె తగిలిస్తుంది. దేనికన్నది దాని దయ. అరిలోవ ఒక అక్షరం మిగుల్చుకుని గట్టెక్కింది. గాజువాక అయితే సరిగ్గా ఎనిమిది! అక్కడివాళ్లు ఇకనుంచి కాస్త తలెత్తుకు తిరగొచ్చు.

మనుషుల పేర్లు మరీ ఘోరం. సింహాద్రి అప్పన్న మీద భక్తితో పెట్టుకున్నవే సగం. పెళ్లికొడుకు అప్పలనాయుడు, పెళ్లికూతురు అప్పలనరసమ్మ అనుకోండి. స్టూడియోవాడు చేసిన ఫోల్డర్లు రెండూ 'అప్పలన' అయి కూర్చుంటాయి. ఏడడుగులు పూర్తికాకముందే దంపతులు ఏకమైపోయారు. కె.వి.వి.ఎస్.ఎన్. తరహా పెద్దమనుషులకు ప్రత్యేక హెచ్చరిక: ప్రమాణం ఇచ్చేది ఒక్క చుక్కే. ఫోల్డర్లో ఫోల్డర్ ఎనిమిది మెట్లు దాటకూడదని ఇంకో నిబంధన. బస్టాపు ఎదురు సందు, గుడి వెనక, టిఫిన్ సెంటర్ పక్క మేడ, పైవాటా అంటూ అడ్రసు చెప్పే మద్దిలపాలెం ఏమైపోవాలి?

మైక్రోసాఫ్ట్ 1995లో జోలియట్ అనే సడలింపు తెచ్చి క్రమశిక్షణ పాడుచేసింది. అరవై నాలుగు అక్షరాలట, తెలుగు కూడా రాసుకోవచ్చట! రేషన్ కార్డులో ఒక పేరు, ఇంట్లో పిలిచే పేరు ఇంకొకటి ఉన్నట్టు, ఒకే డిస్కులో అవే ఫొటోలకు రెండు జాబితాలు. విండోస్ పొడుగు పేరు చదువుతుంది, జోలియట్ తెలియని పాత ప్లేయరు పొట్టిది చదువుతుంది. అయినా వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి కనుక 'శ్రీ' అనగానే నాలుగు అక్షరాలు ఖర్చు. శుభలేఖలో ఉన్నట్టు చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అని మొదలుపెడితే అమ్మాయి పేరు దాకా వెళ్లేసరికే కోటా దాదాపు సగం అయిపోతుంది. ఆ తర్వాత డీవీడీలతో వచ్చిన యూడీఎఫ్ అనే పద్ధతి ఇంకా ఉదారమైనది. దాని గురించి మాట్లాడి పిల్లల్ని చెడగొట్టను.

కాబట్టి నా ప్రతిపాదన. ఇకమీదట బారసాలలో బియ్యంలో పేరు రాసేముందు పురోహితుడు ఎనిమిది దాకా లెక్కపెట్టాలి. నాయనమ్మ ఒక పేరు, అమ్మమ్మ ఒక పేరు కలపాలంటే ఇద్దరికీ నాలుగేసి అక్షరాలు. ఇంటిపేరు చుక్క తర్వాత, మూడు అక్షరాల్లో సర్దుకోవాలి.