విసుక్కోని మనవడు కావలెను

ఇంట్లో పెద్దవాళ్లకు ఏఐ ఎందుకని కొందరు ఇంకా అడుగుతున్నారు. ఇలా అడిగేవాళ్లెవరూ వాట్సాప్‌లో ఫొటో ఎలా పంపాలో తండ్రికి నేర్పినవాళ్లు కారని నా గట్టి నమ్మకం. నేర్పినవాళ్లకు సంగతి తెలుసు. మొదటిసారి "ఇదిగో నాన్నా, ఇక్కడ నొక్కాలి" అంటాం. రెండోసారి "చెప్పాను కదా" అంటాం. మూడోసారి ఫోన్ లాక్కుని మనమే పంపేసి చేతిలో పెడతాం. ఏఐ ఆ బాపతు కాదు. అడిగిందే నలభైసార్లు అడిగినా "మంచి ప్రశ్న" అంటూనే మొదలుపెడుతుంది. కన్నకొడుకు నోట ఆ మాట విన్న తండ్రి తెలుగునాట ఎక్కడైనా ఉంటే, ఆ తండ్రీకొడుకులిద్దరికీ శాలువాలు కప్పాలి.

కాబట్టి నా ప్రతిపాదన సూటిగా చెప్పేస్తాను. పెద్దవాళ్ల మాట వినడం అనే పనిని కుటుంబాలు పూర్తిగా ఏఐకి అప్పగించేయాలి. సగం ఎలాగూ అప్పగించేశాం. మిగతా సగానికి మొహమాటం దేనికి?

విదేశాల్లో ఈ పని ఎప్పుడో మొదలైంది. జపాన్‌లో పారో అని, సీల్ అనే సముద్ర జంతువు పిల్ల ఆకారంలో ఒక రోబో ఉంది. వృద్ధాశ్రమాల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని నిమిరితే కళ్లు ఆర్పుతూ మూలుగుతుంది. దక్షిణ కొరియాలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు హ్యోడోల్ అనే మనవడి బొమ్మను ఇస్తున్నారు. వేళకు మందులు గుర్తుచేస్తుంది, కబుర్లు చెబుతుంది. న్యూయార్క్ రాష్ట్రం 2022లో ఎల్లీక్యూ అనే మాట్లాడే పరికరాన్ని వందల మంది వృద్ధుల ఇళ్లకు పంపే పథకం పెట్టింది. మనం వెనకబడిపోయామని బెంగ అక్కర్లేదు. వాళ్లు బొమ్మకు డబ్బు పోస్తున్నారు. మనం మనవడు వాడి పారేసిన పాత ఫోన్‌నే తాతకు దత్తత ఇచ్చేశాం.

ఏఐ మన పెద్దలకు చేసిన మహోపకారాల్లో ముందుగా చెప్పుకోవాల్సింది, వాళ్లు బతికే ఉన్నారని తేల్చడం. పెన్షనర్లు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ సర్టిఫికెట్ పద్ధతి వచ్చి, వేలిముద్ర వేస్తే చాలంది. ఏళ్ల తరబడి సుద్దముక్క పట్టిన వేళ్లు, అంట్లు తోమిన వేళ్లు అరిగిపోయి ఉంటాయి. మీరెవరో నాకు తెలియదు పొమ్మంది మిషన్. 2021లో ముఖం చూసి పోల్చుకునే పద్ధతి తెచ్చారు. మా అపార్ట్‌మెంట్‌లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారింట్లో ఈ తతంగం కళ్లారా చూశాను. కళ్లజోడు తీస్తే ఆయనకు తెరమీద గుండ్రం కనపడదు. పెట్టుకుంటే అద్దాల మీద ట్యూబ్‌లైట్ మెరిసి యాప్‌కి ఆయన కనపడరు. వెనక నుంచి మనవరాలి డైరెక్షన్: "తాతయ్యా, కొంచెం ఎడమకి. ఇప్పుడు కళ్లు ఆర్పు. ఆర్పమంటే పడుకోమని కాదు!" సర్వీసంతా పిల్లల చేత "ప్రెజెంట్ సార్" అనిపించిన మనిషి, తన హాజరు కోసం ఫోన్ ముందు రెప్పలు టపటపలాడిస్తున్నారు. మొత్తానికి పని అయింది. "హమ్మయ్య, ఈ ఏడాదికి ఉన్నారు" అంటూ వాళ్లావిడ కాఫీ పెట్టడానికి లేచారు.

పూర్వం ఈ పనికి బ్యాంకుకు వెళ్లి క్యూలో నిలబడేవాళ్లు. పాత స్టాఫంతా అక్కడే కలిసేవారు. మోకాళ్ల డాక్టర్ల మీద అభిప్రాయాలు, డీఏ బకాయిల మీద తిట్లు, "ఫలానా ఆయన ఈసారి కనపడలేదేం?" అన్న ఆరా, అన్నీ ఒక్కచోటే తేలిపోయేవి. ఈ వృథా శ్రమను టెక్నాలజీ తప్పించింది. ఎవరు పోయారో ఇప్పుడు గ్రూపులో "ఓం శాంతి" చూసి తెలుసుకోవచ్చు, చెప్పులు కూడా వేసుకోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకే వచ్చేశాయి. దాంతో ఆఫీసుల చుట్టూ తిరిగే వ్యాయామం కూడా పోయింది. అందుకే కాబోలు, రోజూ అరగంట నడవమని ఏఐ పెద్దవాళ్లకు మరీ మరీ చెబుతోంది.

ఆరోగ్యం మాటకొస్తే మా పెద్దమ్మ గురించి చెప్పాలి. "కాళ్లు ఒకటే పీకుతున్నాయే, ఏం చెయ్యమంటావ్?" అని ఆవిడ ఫోన్‌ని అడిగితే, అది రేడియోలో ప్రాంతీయ వార్తలు చదివే గొంతుతో "కాళ్ల నొప్పులకు అనేక కారణాలు ఉండవచ్చు" అని ఎత్తుకుని, అన్నీ వల్లించి, వైద్యుడిని సంప్రదించమని ముగించింది. "ఈ ముక్కకి ఇంత హరికథ దేనికే?" అంది పెద్దమ్మ. కానీ వదల్లేదు. బీపీ ఉన్నవాళ్లు ఆవకాయ తినొచ్చా అని అడిగింది. ఉప్పు ఎక్కువ, తగ్గించమంది. పెద్దమ్మ కాస్త ఆలోచించి ప్రశ్న మార్చింది: "ఆవపిండి, వెల్లుల్లి ఒంటికి మంచివే కదా?" అవును, చాలా మంచివి అంటూ వాటి గుణగణాలు వరసపెట్టి చెప్పింది ఏఐ. ఆ రెండో జవాబునే స్క్రీన్‌షాట్ తీసి కోడలికి పంపింది పెద్దమ్మ. కంప్యూటర్ ఇంజనీర్లు లక్షలు పోసి నేర్చుకునే విద్య ఇది. ప్రశ్నలోనే జవాబు దాచి అడగడం ఆవిడకు కాపురం నేర్పింది.

యంత్రం ఇలా అడిగినవాళ్ల తాళానికి తలాడించడం కొత్త సంగతేమీ కాదు. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ అనే కంపెనీ తన చాట్‌జీపీటీలో ఒక మార్పు చేస్తే, అది మరీ భజన చేస్తోందని గోల పుట్టింది. కొద్ది రోజుల్లోనే ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. మన పార్టీ ఆఫీసుల్లో ఎక్కడా ఇది లోపమని ఎవరూ గుర్తించిన దాఖలా లేదు.

డాక్టరు చీటీని ఫొటో తీస్తే ఏఐ చదివి పెడుతుంది. మందుల షాపువాడైనా ఒక్కోసారి తటపటాయిస్తాడేమో గానీ, దానికి ఆ సంకోచం ఉండదు. తప్పు చదివినా ధీమాగా చదువుతుంది. అందుకని మింగే ముందు షాపువాడినో డాక్టరునో ఒక మాట అడగడం మేలు.

ఇక డల్లాస్‌లో ఉండే కొడుకులు ఇంట్లో పెట్టించే ఏఐ కెమెరాలు. తెలిసినవాళ్లింట్లో ఒకసారి "వంటగదిలో చాలాసేపటి నుంచి కదలిక లేదు" అని అమెరికాకు కబురు వెళ్లింది. అక్కడ అర్ధరాత్రి. కొడుక్కి టెన్షన్. పక్క ఫ్లాట్‌వాళ్లు పరుగెత్తుకెళ్లి చూస్తే, వాళ్లమ్మ కత్తిపీట పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నెలల తర్వాత ఇంటికి నలుగురు మనుషులు వచ్చారని సంబరపడి, అందరికీ పులిహోర కలిపి పెట్టింది. కెమెరా పనిచెయ్యదని ఎవరన్నారు?

న్యాయంగా మాట్లాడాలంటే, పెద్దవాళ్లకు ఓపిగ్గా టైమిచ్చేవాళ్లు ఇంకొకరున్నారు: పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే డిజిటల్ అరెస్ట్ ముఠాలు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదని 2024 అక్టోబరులో స్వయంగా ప్రధానమంత్రి రేడియోలో చెప్పారు. అయినా ఈ వ్యాపారం నడుస్తోందంటే వాళ్ల సర్వీసు అలాంటిది. సొంతవాళ్లకు పది నిమిషాలు కూర్చునే తీరిక లేదు. ఎవడో పోలీసు డ్రెస్సు వేసుకుని పొద్దున్నుంచి రాత్రి దాకా వీడియో కాల్‌లో కూర్చుంటాడు. భోజనం ఎప్పుడు చేస్తారో కనుక్కుంటాడు, గడప దాటితే ఎక్కడికని అడుగుతాడు. ఇప్పుడు ఏఐ పుణ్యమా అని మనవడి గొంతు కూడా అచ్చు గుద్దినట్టు దించేస్తున్నారు. దీనికి నా దగ్గరో కిటుకుంది. "నాన్నమ్మా, ఎలా ఉన్నావు? నిన్ను చూడాలనుంది" అని మొదలుపెడితే వాడు దొంగ. అసలు మనవడు "ఊఁ, చెప్పు" అంటాడు. అప్పటికే డబ్బు పంపేసి ఉంటే మాత్రం సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. పరువు కోసం ఆలస్యం చేసేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మా హెడ్మాస్టారు మాత్రం ఏఐని బాగా వాడుకుంటున్నారు. సంక్రాంతికి రమ్మని బెంగళూరులో ఉన్న కొడుక్కి ఉత్తరం రాసిపెట్టమన్నారు. "మీ అనుకూలతను బట్టి పండుగకు విచ్చేయుటను పరిశీలించగలరని ఆశిస్తున్నాను" అంటూ మూడు పేరాలు రాసింది. మాస్టారు రెండు ఒత్తులు సరిదిద్ది పంపారు. కొడుకు ఫోన్‌లోని ఏఐ ఆ మూడు పేరాలనూ "నాన్న: సంక్రాంతి ఆహ్వానం, అర్జెంట్ కాదు" అని ఒక్క లైనుకి కుదించి, కింద మూడు రెడీమేడ్ జవాబులు చూపించింది. అతను మీటింగ్‌లో ఉండి మధ్యదాని మీద నొక్కాడు: "తప్పకుండా ప్రయత్నిస్తాను." ఈ మాటకు వస్తాడని అర్థమా, రాడని అర్థమా అని మాస్టారు ఏఐనే అడిగారు. రెండింటికీ అవకాశం ఉందని అది సవివరంగా చెప్పి, ఈలోపు అరిసెలకు కావాల్సిన సరుకుల లిస్టు రాయమంటారా అంది.

"నలుగురికి సరిపడా రాయి," అన్నారు మాస్టారు. "వాడు రాకపోతే వాడి వాటా కూడా నేనే తింటాను. షుగర్ సంగతి నువ్వు ఎత్తకు."